మహర్షి గారి వుజూ

పోయిన నెల మా తమ్ముడి కూతురు జూబ్లీహిల్స్‌లోని ఒక బ్యూటీ పార్లర్ నుంచి నాకు ఫోన్ చేసింది. పెళ్లికూతురిగా ముస్తాబవుతున్న పిల్ల మధ్యలో చెయ్యి వెనక్కి లాక్కుని, ఫూపీని అడిగేదాకా గోళ్లకు రంగు వద్దని అక్కడివాళ్లను కూర్చోబెట్టిందట. తండ్రి తోబుట్టువును మా ఇళ్లలో ఫూపీ అంటారు. ఆ హోదాకంటే, ఏ విషయాన్నైనా రెండు వైపుల నుంచీ వాదిస్తుందన్న పేరే నాకు ఎక్కువ. అక్కడి రంగు కొత్త రకమట. నీరు దాని గుండా గోరు దాకా దిగుతుందట, కాబట్టి నమాజుకు ముందు చేసే వుజూకు అడ్డు రాదట. దిగుతుందని చెప్పినవాళ్లు అమ్మేవాళ్లా, పరీక్షించినవాళ్లా అని నేను మొదలుపెట్టేసరికి ఆ పిల్ల, "ఫూపీ, డిబేట్ వద్దు. వేసుకోవాలా, వద్దా?" అంది. గోరింటాకు పెట్టించుకోమన్నాను. గోరింటాకు రంగునిస్తుందే గాని గోరు మీద పొరగా నిలవదు. వుజూలో చేతులు, ముఖం, పాదాలు కడుక్కునేటప్పుడు నీరు ఒంటినే తాకాలి, ఒంటి మీది పొరను కాదు. ఈ మాట ఫోనులో చెబుతుండగానే నా ముక్కుకు స్పిరిట్ గమ్ వాసన తగిలింది. పెట్టుడు మీసాలు అంటించే ఆ జిగురు నేను చూసి ఎన్నేళ్లయిందో చెప్పలేను. వాసన మాత్రం చెరగలేదు.

నేను కాలేజీ చదువుకున్న ఆ కాలంలో కృష్ణానగర్‌లో నాన్న తల్లిదండ్రులు, మా దాదా, దాదీల దగ్గర ఉండేదాన్ని. నాన్నకు ఉద్యోగం జిల్లాల్లో. ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది నీళ్ల చప్పుడుతో. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. ఉన్న నీళ్లను దాదీ పెద్ద గాబులో పట్టి, పైన గుడ్డ కట్టి కాపాడేది. వుజూకు ఒక్కొక్కరికి ఒక బద్నా నీళ్లే, అంటే కొమ్ము ఉన్న ఒక రాగి చెంబెడు. ఆ ఒక్క చెంబుతో దాదా చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, ముక్కు శుభ్రం చేసుకుని, ముఖం, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తడిచేత్తో తల తుడుచుకుని, పాదాల వేళ్ల సందుల్లో చిటికెనవేలు తిప్పి, చివరికి కొంచెం మిగిల్చి కరివేపాకు మొక్కకు పోసేవాడు. నీరు దండిగా ఉన్నా అంతే వాడేవాడు. చదువుకున్నదాన్ని కాబట్టి, మిగిల్చిన నీళ్లతో పుణ్యం వస్తుందా, మొక్కకు బలం వస్తుందా అని అడిగేదాన్ని. రెండూ వస్తే నష్టమేమిటని ఆయన తిరిగి అడిగేవాడు. కాలేజీలో డిబేట్ కప్పు తెచ్చుకున్న నాకు ఇంట్లో అలాంటి జవాబులే దొరికేవి.

గురువారం సాయంత్రం దాదా చాప మీద పాత వార్తాపత్రిక పరుచుకుని కూర్చునేవాడు. అద్దం, చిన్న కత్తెర, చెక్క దువ్వెన, పటిక ముక్క ఆయన ముందు వరుసగా ఉండేవి. కుడిచేతి చూపుడువేలితో మొదలుపెట్టి గోళ్లు తీసుకోవడం, పై పెదవి అంచు కనబడేటట్లు మీసం కత్తిరించుకోవడం, గడ్డాన్ని పిడికిట పట్టి మిగిలిన కొసలు సరిచేయడం, ఇదంతా ఎంతో తీరికగా సాగేది. తీసిన గోళ్లూ వెంట్రుకలూ పత్రికలో మడిచి మొక్క మొదట్లో పాతిపెట్టేవాడు. శుక్రవారం పొద్దున తలస్నానం, కళ్లకు సుర్మా, చెవి వెనక అత్తరు, పళ్లకు మిస్వాక్ పుల్ల. ఆ తర్వాత ఉతికిన కుర్తా వేసుకుని యూసుఫ్‌గూడ మసీదుకు జుమ్మా నమాజుకు బయలుదేరితే, ఆయన వెళ్లిపోయాక కూడా గల్లీలో గులాబీ వాసన కాసేపు నిలిచేది. ఇంటి శుభ్రతకు అధికారి మాత్రం దాదీ. ఎవరి తువ్వాలు ఎవరిది, ఏ చెయ్యి దేనికి, ఏ చెంబు ఎక్కడ అన్న విషయాల్లో ఆమె తీర్పు మీద అప్పీలు ఉండేది కాదు.

దాదా సర్కారు ప్రెస్సులో అక్షరాలు పేర్చే తెలుగు కంపోజిటరుగా పనిచేసి రిటైరైనవాడు. శ, ష, స అన్న మూడు సీసపు అక్షరాలనూ కళ్లు మూసుకుని వేలితో తడిమి వేరుచేసేవాడు. నోటికి వచ్చేసరికి మూడూ ఒకటే. పెన్షన్ వస్తున్నా ఊరికే కూర్చోలేని మనిషి. కృష్ణానగర్‌లో ఉంటూ, నిండుగా తెల్లటి నిజమైన గడ్డం ఉంటే సినిమావాళ్లు వదులుతారా? జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు ఒకాయన మా పక్క గల్లీలోనే ఉండేవాడు. ఆయన చలవతో దాదా ఎన్నో సినిమాల్లో కనబడ్డాడు. పెళ్లి పందిట్లో పెద్దమనిషి, కోర్టులో వెనక బెంచీ, పంచాయతీలో తల పంకించే ముసలాయన, రాజదర్బారులో పండితుడు. ఎక్కడా ఒక్క మాట లేదు. ఆ పనిలో మాట ఉన్న వేషం వేరు, గుంపులో వేషం వేరు. దాదాకు జీవితంలో పెద్ద కోరికలు ఉండేవి కావు గాని, తెర మీద ఒక్క వాక్యం పలకాలన్న ఒక్క కోరిక ఉండేది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. అయినా మా గల్లీలో అందరికీ తెలుసు.

ఆ వాక్యం ఒకనాడు వచ్చింది. జానపద సినిమాలో మహర్షి వేషం. రాకుమారుడు వచ్చి కాళ్ల మీద పడితే కళ్లు తెరిచి, "దేహశుద్ధి కాదు నాయనా, మనశ్శుద్ధి ముఖ్యం" అనాలి. ఆ ముక్కను దాదా ఇల్లంతా తిరుగుతూ పలికేవాడు. నేను వెంట తిరుగుతూ శ దగ్గర ఆపేదాన్ని. దాదీకి మాత్రం ఉచ్చారణతో పేచీ లేదు, అర్థంతోనే పేచీ. "ఎవలు రాసిండ్రు గిది? స్నానం చెయ్యనోడు రాసిండు," అంది. ముందు ఒళ్లు కడుక్కుంటే గదా మనసు దాకా పోయేది అని ఆమె వాదం. దానికి ఖండన చెప్పమని దాదా నా వంక చూశాడు. నేను ఆ ఒక్కసారికి వాయిదా కోరాను.

అసలు చిక్కు మీసంతో వచ్చింది. తపస్సులో ఉన్న మునికి పెదవి కనబడకూడదని, మీసం ముట్టుకోవద్దని డైరెక్టరు గారి ఆజ్ఞ. ఈద్ పండక్కి కత్తిరించుకున్న తర్వాత దాదా దాన్ని వదిలేశాడు. షూటింగు వెంటనే ఉంటుందనుకున్నారు. ఒకసారి హీరోకు జ్వరం, ఒకసారి సెట్టు మీద వాన. మీసం, గోళ్లు లాంటివి నలభై రోజులు దాటి పెరగనివ్వకూడదన్నది మా పెద్దలు పాటించిన హద్దు. ఆ హద్దు దగ్గరపడుతోంది. మీసం చాయ్‌లో మునుగుతోంది. దాదీ ఆయన గ్లాసును విడిగా బోర్లించి, "గా గ్లాసు ఎవ్వలు ముట్టొద్దు. అది మీసాలది," అని ప్రకటించింది. మౌల్వీ సాబును అడుగుదామంటే దానికీ ఆమే అడ్డం. ఆయనను అడిగితే మీసం సంగతి అటుంచి సినిమా సంగతి మొదలవుతుందని, అప్పుడు ఉన్న గుంపు వేషాలు కూడా పోతాయని ఆమె ముందుచూపు.

కాబట్టి ఆ విచారణ మా వంటింట్లోనే జరిగింది. నేను దాదా పక్షాన నిలబడ్డాను. ఆ హద్దు దాటితే బాగుండదన్నారే గాని నమాజు చెల్లదని ఎవరూ అనలేదన్నాను. ఇది సోకు కాదు, పని అన్నాను. పని కోసం కొంత సడలింపు ఉంటుందన్నాను. బతుకు తెరువు అనే మాట వాడగానే దాదీ పెనం మీది రొట్టె తిప్పి, "ఏంది, ఇంటి కిరాయి మీసంతోని కడుతున్నమా?" అంది. పెన్షన్ ఉన్న మనిషికి ఆ వాదం నిలవదు. నేను వెంటనే మరో మెట్టు ఎక్కాను. ఒక మనిషి ఎన్నో ఏళ్లుగా నోరు మూసుకుని నిలబడ్డాడు, ఇప్పుడు నోరు తెరిచే అవకాశం వస్తే దాన్ని ఒక కత్తెర కోసం పోగొట్టడం న్యాయమా అని అడిగాను. దాదీ ఇంకో రొట్టె పెనం మీద వేసింది. కాలేజీలోనైతే అక్కడ చప్పట్లు కొట్టేవారు. ఆ గురువారం సాయంత్రం దాదా వార్తాపత్రిక పరిచి కూర్చున్నాడు. నేను ఆపబోతే అద్దంలోంచే నన్ను చూసి, నెమ్మదిగా అన్నాడు.

"వాదంల నువ్వే గెలిచినవ్ బేటా. గని పుక్కిలిస్తుంటె నీళ్లకంటె ముందు వెంట్రుకలే నోట్లకొస్తున్నయ్. నేను గెలిచి ఏం జేసుకుంట?"

కత్తెర చప్పుడు మొదలైంది. పెదవి బయటపడింది. దాదీ ఆయన గ్లాసు తీసుకెళ్లి మిగతావాటితో కలిపి పెట్టింది.

షూటింగు కబురు సరిగ్గా ఆ శనివారమే వచ్చింది. డైరెక్టరుకు నచ్చజెప్పే బాధ్యత నా మీద వేసుకుని నేనూ బయలుదేరాను. ఆటోలో వెళుతూ నా వాదాన్ని పీఠిక, ప్రధానాంశం, ముగింపులుగా అమర్చుకున్నాను. ఫిలింనగర్ వెనక అప్పటికి ఇంకా సీతాఫలం పొదలు, ఇల్లంత ఇల్లంత బండరాళ్లు ఉండేవి. ఆ బండల మధ్య ఆశ్రమం వేశారు. మేకప్ మ్యాన్ కామేశ్వరరావు గారు తెనాలి మనిషి. దాదాతో చాలా ఏళ్ల స్నేహం. ఆయన పెట్టె మూత తీస్తూ దాదా ముఖం చూసి, బ్రష్షు కింద పెట్టేశారు.

"సాయిబు గారూ, నా కొంప ముంచారు కదండీ. మొన్నటిదాకా పొదలా ఉన్న మీసం ఏదండీ?"

అసిస్టెంటు డైరెక్టరు ఒకడు, షాటుకూ షాటుకూ రూపం మారకూడదని, కంటిన్యుటీ, కంటిన్యుటీ అంటూ పరుగెత్తుకొచ్చాడు. ఈయన మీద ఇంకా ఒక్క షాటూ తీయలేదు కదా, దేనికి కంటిన్యుటీ అని నేను అడిగాను. అతను నన్ను చూసి, ఈ అమ్మాయి ఎవరి తాలూకని చుట్టూ అడిగాడు. ఈ లోపల డైరెక్టరు అటుగా వెళుతూ విషయం విని, "గడ్డం నిజమైందే కదా? మీసం అంటించేయండి. లంచ్ తర్వాత షాట్," అని ఆగకుండా వెళ్లిపోయారు. నా పీఠిక నా దగ్గరే మిగిలింది.

కామేశ్వరరావు గారు స్పిరిట్ గమ్ సీసా తీశారు. దాదా చెయ్యి అడ్డం పెట్టాడు. జిగురు ఎండితే పొర అవుతుంది, పొర కింద చర్మానికి నీరు తగలదు, సాయంత్రం అసర్ నమాజుకు వుజూ కుదరదు. తీసి మళ్లీ అంటించడమంటే ఎంతసేపో, ఈ లోగా వెలుతురు ఆగదు. వేషం వదులుకుంటానని ఆయన నోరు తెరిచి అనలేదు గాని, తువ్వాలు భుజాన వేసుకున్న తీరు చూస్తే అదే అర్థమైంది. అప్పుడు నా డిబేట్ శిక్షణ మొదటిసారిగా పనికొచ్చింది. జిగురు వుజూను చెడగొట్టదు, కొత్త వుజూను మాత్రమే అడ్డుకుంటుంది. ఈ రెండూ ఒకటి కాదు అన్నాను. ముందు వుజూ చేసి, ఆ తర్వాత జిగురు పెట్టుకుంటే, వుజూ పోనంతసేపూ అదే వుజూతో అసర్ కూడా చదువుకోవచ్చు. దాదా నా మాటలను వేళ్ల మీద ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. వాదంలో బొక్క వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది. దొరకలేదు.

కామేశ్వరరావు గారికి ఇంకా అనుమానం. "అంటే సాయంత్రం దాకా అది పోకుండా నిలబెట్టుకోవాలన్నమాట. ఎలా పోతుందండీ అది?" అని అడిగారు. మరుగుకు వెళ్లినా, కడుపులోని గాలి వదిలినా, దేనికో ఒకదానికి ఆనుకుని నిద్రపోయినా పోతుందని దాదా చెప్పాడు. కామేశ్వరరావు గారు కంపెనీ భోజనంలో ఆనాటి కూరలు గుర్తుచేసుకుని, క్యాబేజీ ఉందని, సాంబారు కూడా వద్దని తీర్మానించి, స్వయంగా వెళ్లి పిడికెడు పెరుగన్నం తెచ్చారు. దాదా వుజూ చేసి, జొహర్ అనే మధ్యాహ్నపు నమాజు చదివి వచ్చి కూర్చున్నాక, ఆపరేషన్ చేసే డాక్టరంత జాగ్రత్తగా మీసం అంటించారు.

ఇక మొదలైంది తపస్సు. డైరెక్టరు ముందుగా మహర్షిని దూరం నుంచి తీయాలనుకున్నారు. క్రేన్ ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. కాషాయం కట్టుకుని, పెరుగన్నం తిన్న ముసలాయన కళ్లు మూసుకుని ఎండలో కూర్చోవాలి. నిద్ర రాక ఏమవుతుంది? పైగా ఆనుకోవడానికి ఆర్టువాళ్లు వెనకే నున్నటి బండ ఏర్పాటు చేశారు. నిటారుగా కూర్చున్న మనిషి కునుకు తీసినా మా ఇంట్లో పాటించే పద్ధతి ప్రకారం వుజూ నిలుస్తుంది. ఆనుకుని నిద్రపోతే పోతుంది. దాదా బండ నుంచి జానెడు ముందుకు జరిగి, వెన్ను నిలబెట్టి కూర్చున్నాడు. షాట్‌కూ షాట్‌కూ మధ్య అందరూ గొడుగుల కిందికి వెళ్లినా ఆయన కదలలేదు. టీ వస్తే కామేశ్వరరావు గారు ట్రేకు అడ్డం నిలబడి, సాయిబు గారికి ఇవాళ టీ లేదని పంపించేశారు. ముఖాన చెమట అద్దే నెపంతో మాటిమాటికీ దగ్గరకు వెళ్లి, వంగి, ఒకటే ప్రశ్న అడిగేవారు.

"ఉందాండీ?"

"ఉంది."

యూనిట్ అంతా ఆయన మీసం గురించి అడుగుతున్నారనుకుంది. మీసం గట్టిగానే ఉంది కదయ్యా, ఎందుకంత బెంగ అని అసిస్టెంటు డైరెక్టరు విసుక్కున్నాడు. కామేశ్వరరావు గారు, తన పని తనకు తెలుసునని, అది ఊడితే మళ్లీ పెట్టడం తన వల్ల కాదని గంభీరంగా చెప్పారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఎండ కొంచెం వాలాక డైరెక్టరు కెమెరా వెనక నుంచి లేచి నిలబడ్డారు. అందరినీ అటు చూడమన్నారు. "తపస్సంటే అదీ. వెనక అంత బండ ఉన్నా ఆ పెద్దాయన ఆనుకోలేదు. ఇప్పటిదాకా ముఖం మీద ఈగ వాలినా కదల్లేదు. దగ్గరికి రండి, క్లోజప్ తీద్దాం," అన్నారు. గుంపు వేషాలవాళ్లు, లైట్లవాళ్లు, చివరికి ఆ అసిస్టెంటు కూడా చేతులు కట్టుకుని చూశారు. కామేశ్వరరావు గారు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు ఆగేది కాదు. దాదా ఇవేవీ విననట్లే ఉన్నాడు. ఆయన దృష్టంతా తన కడుపు మీద ఉంది.

డైలాగు షాట్ వచ్చేసరికి నీడలు సాగుతున్నాయి. సూర్యుడు దిగితే అసర్ వేళ దాటిపోతుంది. దాదా మొదటిసారే వాక్యం పూర్తిగా పలికాడు. శ దగ్గర నాలుక కొంచెం తడబడింది గాని, నిలబెట్టుకున్నాడు. రాకుమారుడే తన మాట మరిచిపోయాడు. రెండోసారి కిరీటం జారింది. మూడోసారి అతనికి దగ్గు వచ్చింది. ప్రతిసారీ దాదా కళ్లు తెరిచి, అంతే శాంతంగా, దేహశుద్ధి కాదు నాయనా అన్నాడు. ఆ సాయంత్రం దేహశుద్ధి కోసం అంత పాటుపడుతున్నవాడు ఆ బండల మీద ఇంకొకడు లేడు. చివరికి ఓకే అన్నారు. మహర్షి దండం కామేశ్వరరావు గారి చేతిలో పెట్టి, మెడలో దండలు తీసి, తన కుర్తా తొడుక్కుని దాదా బండ వెనక్కి నడిచాడు. పరుగెత్తలేదు. అంతసేపూ కాపాడుకున్నదాన్ని పరుగెత్తి పోగొట్టుకునే మనిషి కాదు. తువ్వాలు పరిచి, పెట్టుడు మీసంతోనే అసర్ చదివాడు. కామేశ్వరరావు గారు దండం పట్టుకుని అటు ఎవరూ వెళ్లకుండా కాపలా కాశారు. తర్వాత స్పిరిట్‌తో జిగురు కరిగించి, మంటపుట్టిన పెదవికి కొబ్బరినూనె రాస్తూ, ఇన్నేళ్లలో తాను చేసిన మేకప్పులన్నింటిలో ఇదే ఎక్కువసేపు నిలిచిందని గర్వపడ్డారు.

ఇప్పుడు ఆ బండలు లేవు. వాటిని పగలగొట్టి కట్టిన ఇళ్ల గోడల మీదుగా కాగితపు పూలు వేలాడుతుంటాయి. మసీదులో వుజూకు వరుసగా స్టీలు నల్లాలు ఉన్నాయి. తిప్పితే నీళ్లు ధారగా వస్తాయి. అక్కడ ఒకరు పాదాలు కడుక్కునే నీళ్లతో మా ఇల్లంతా ఒక పూట నమాజు చదువుకునేది. ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అని అడిగితే సెల్‌ఫోనులోనే వంద జవాబులు దొరుకుతాయి. అడగడం తప్పని నేను అనను. నా బతుకంతా అడగడంతోనే గడిచింది. కాని ఆ రోజుల్లో జవాబు దొరికాక ఒక మనిషి దాన్ని మధ్యాహ్నమంతా వెన్నెముక మీద మోసుకుని కూర్చోవలసి వచ్చేది. ఆ పక్కనే మరో మతం మనిషి, అదంతా ఎందుకని అడగకుండా, టీ ట్రేకు అడ్డం నిలబడేవాడు. ఈ రెండో సంగతి ఇప్పుడు ఎంత మిగిలిందో తేల్చి చెప్పగల వాదం నా దగ్గర లేదు. ఉందనే నమ్ముతాను.

సినిమా విడుదలయ్యాక ఎర్రగడ్డ వైపు ఒక హాలులో చూశాం. ఎన్నడూ సినిమా హాలు గడప తొక్కని దాదీ ఆ రోజు బురఖా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చింది. ఆశ్రమం సీను వచ్చింది. తెర నిండా దాదా కూర్చున్నాడు. పక్క సీట్లవాళ్లు మాటలు ఆపేశారు. రాకుమారుడు కాళ్ల మీద పడ్డాడు. దాదా కళ్లు తెరిచాడు, పెదవులు కదిలాయి. వినబడింది మాత్రం వేరే ఎవరిదో గొంతు. గోదావరి ఒడ్డున పుట్టిన గొంతులా, శ దగ్గర ఎక్కడా తడబడకుండా, గంభీరంగా ఉంది. డబ్బింగుకు దాదాను ఎవరూ పిలవలేదు. పిలవాలని మాకూ తెలియదు. నా పక్కన దాదా ఊపిరి బిగబట్టడం నాకు తెలిసింది. ఓదార్చడానికి నేను మాటలు వెతుక్కుంటున్నాను. అన్నీ డిబేట్ మాటలే దొరుకుతున్నాయి.

దాదీ తెర మీద నుంచి చూపు తిప్పకుండానే ఆయన వైపు వంగింది.

"గొంతు ఎవ్వనిదో ఏమో గని, కూసున్నది మాత్రం మీరే."

దాదా బిగబట్టిన ఊపిరి వదిలాడు. వెంటనే నవ్వాడు. తపస్సు సీనులో ఎవరు నవ్వుతున్నారా అని ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు.